జొన్నగింజంత ఎరుపు

"అద్దం ఇంకింత లోపలికి తొయ్యి! ఇంకింత! ఆ... ఆగు!"

బాలయ్య శేట్ మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంచి, మగ్గం కిందికి చూస్తున్నాడు. కొత్త ధోవతి మట్టిలో నలుగుతున్నా పట్టించుకోలేదు. కార్ఖానాలో పద్దెనిమిది మగ్గాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. దారం మోసే చివరి నాడె టక్కుమని నిలిచాక, అశోక్ చౌక్ వైపు పోతున్న టాంగా గంట లోపలికి వినిపించింది.

పెంటప్ప రెండు చేతులా అద్దం పట్టుకుని ఉన్నాడు. మంగలి దుకాణంలో ఉండే చెక్క చట్రం అద్దం. జాకార్డ్ మగ్గం మీద నేసేవాడికి బట్ట వెనక భాగమే పైకి కనిపిస్తుంది. అసలు ముఖం నేలకేసి ఉంటుంది. అది చూడాలంటే కింద అద్దం పెట్టక తప్పదు. ఆ అద్దంలోనూ బొమ్మ తిరగబడే కనిపిస్తుంది. తూర్పు పడమర అవుతుంది. ముప్ఫై ఏళ్లుగా పెంటప్ప ఏ బొమ్మనీ సూటిగా చూస్తూ నేసింది లేదు.

అద్దంలో సగం హిందుస్థానం ఉంది. కన్యాకుమారి నుంచి సోలాపూర్ దాకా. ఆకుపచ్చ నేల, చుట్టూ నీలి సముద్రం. సోలాపూర్ ఉన్న చోట ఎర్రదారంతో నక్షత్రం. అది శేట్ కోరి పెట్టించుకున్నది.

నక్షత్రానికి ఎడమ పక్కన, అర అంగుళం దూరంలో ఒక ఎర్రచుక్క. జొన్నగింజంత.

"చూసినవా? గిదేంది?"

"చుక్క, మాలక్."

"చుక్కని నాక్ గూడ కండ్లున్నయ్! ఏ ఊరిది? నకాశల ఆడ ఊరే లేదు గద! ఎవడు పెట్టిండు?"

అద్దంలో ఎడమ అంటే నిజంలో తూర్పు. సోలాపూర్ నుంచి తూర్పుకి, హైదరాబాద్ రోడ్డు మీద, పదిహేడు మైళ్లు. ఆ చోటు పెంటప్పకి తెలుసు.

"ఎరుక లేదు మాలక్," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ముంబై నుంచి అధికారి వస్తున్నాడు. జనవరి ఇరవై ఆరున అక్కడ జరిగే ప్రదర్శనలో ఈ నకాశా, ఈ నేసిన దేశపటం, గోడకి వేలాడాలి. మామూలు నకాశా కాదు. మొన్న నవంబరులో రాష్ట్రాల గీతలు మారాయి. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై మూడు దిక్కులకి పోయింది. ఆ కొత్త గీతలతో చద్దరు మీద దేశాన్ని నేసిన మొదటి కార్ఖానా తనదే కావాలని శేట్ ఆశ. చుక్క లేకపోతే ఆ ఆశకి అడ్డమేమీ లేదు.

"నాలుగు గంటలకు ఆ సాహెబు వచ్చి గీ అద్దంలనే చూస్తడు. పహిలా సవాల్ గదే అడుగుతడు. ఏమని జెప్పాలె? జొన్నగింజ పడ్డదని జెప్పాల్నా?"

నేతగాళ్లు చుట్టూ మూగారు. ఒక్కొక్కడూ వంగి అద్దంలోకి చూసి, తనకి తోచింది చెప్పాడు. ఒకడు అది మిలిటరీ వాళ్ల రహస్య గుర్తు అన్నాడు. తుపాకి మందు దాచిన చోటట. ఇంకొకడు నైజాం బంగారం పాతిపెట్టిన చోటన్నాడు. మూడోవాడు గంభీరంగా గడ్డం గోక్కుని, "మొదలు మొదలు చుక్కనే పెడ్తరు. తర్వాత గీత గీస్తరు. గిది కొత్త రాష్ట్రం," అన్నాడు.

గోడ పక్కన నిలబడ్డ దత్తాత్రికి నవ్వాగలేదు. "జొన్నగింజంత రాష్ట్రమా కాకా? దానికి ముఖ్యమంత్రి చీమనా?"

ఆ నవ్వే అతన్ని పట్టించింది. శేట్ గిర్రున తిరిగాడు.

"దత్తాత్రీ! గ్రాఫు గీసింది నువ్వే గద?"

దత్తాత్రి నవ్వు ఆగిపోయింది. అతని పని అదే. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, రంగులద్ది, దాని ప్రకారం అట్టలకి రంధ్రాలు కొట్టడం. ఒక్కో అట్టకి బట్టలో ఒక్క పోగు. అట్టలో రంధ్రం ఉన్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. అలాంటి పద్దెనిమిది వందల అట్టలు దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీశారు. దేశమంతా ఆ రంధ్రాల్లో ఉంది. రంధ్రాలు కొట్టిన చెయ్యి దత్తాత్రిది.

పైగా అతను సంయుక్త మహారాష్ట్ర సభలకి పోయేవాడు. ముంబైతో కలిపి మరాఠీ రాష్ట్రం కావాలని చౌకులో నినాదాలు చేసి, ఒకసారి పోలీసు చావడిలో పొద్దంతా కూర్చుని వచ్చాడు.

"నువ్వు తెలుగోనివా, మరాఠోనివా, గది నాకు వద్దు," అన్నాడు శేట్. "నా నకాశ మీద నీ జెండా పాతినవ్. సర్కారు ముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

"మాలక్, ఆయిచీ శపథ్! మా అమ్మ మీద ఒట్టు! గ్రాఫు చూడుండ్రి. అండ్ల చుక్క లేదు."

గ్రాఫు తెచ్చారు. దాంట్లో చుక్క లేదు. అది దత్తాత్రికి సాయపడలేదు. కాగితంలో లేనిది అట్టలో ఉందంటే, కాగితం గీశాక దొంగచాటుగా కొట్టాడని శేట్ తేల్చేశాడు.

"నాలుగు గంటల దనుక టైమ్. ఎవడు పెట్టిండో మీరే జెప్పుండ్రి. లేకపోతే సాహెబు ఎనకాల పోలీసులు గూడ వస్తరు. గీన్ని వాళ్లకు అప్పజెప్త. మళ్ల గీ చాళ్‌ల గీని నీడ గూడ పడొద్దు." తర్వాత గొంతు తగ్గించి పెంటప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "పెంటప్పా, ఇప్పే టైము లేదు. చుక్క మీద ఆకుపచ్చ దారంతోని రఫూ చెయ్యి. సూది పని. సాహెబుకు కనవడొద్దు. నీ చెయ్యి మీద నాకు భరోసా."

ఆ భరోసాకి ఒక కారణం ఉంది. కార్ఖానాలో అందరికీ తెలుసు. పోలీసు చర్య జరిగిన ఏడు పెంటప్ప అత్త యల్లమ్మని సరిహద్దు దగ్గర రజాకార్లు చంపేశారు. మరుసటి ఆగస్టు పదిహేనున చౌకులో సభ పెట్టి, పెంటప్ప మెడలో బంతిపూల దండ వేశారు. నకాశా నేసే మనిషి కోసం వెతికినప్పుడు శేట్ రెండో పేరు అనలేదు. "దేశం కోసం ఇంటి మనిషిని ఇచ్చినోడు. గిది నువ్వే నెయ్యాలె," అన్నాడు.

పెంటప్ప సూదిలో ఆకుపచ్చ దారం ఎక్కించాడు. యాభై ఏళ్ల కళ్లు. మూడోసారికి గానీ ఎక్కలేదు.

*

ముందు అట్టలు చూడాలనిపించింది.

నిచ్చెన వేసుకుని మగ్గం నెత్తికి ఎక్కాడు. కుడి మోకాలు ఎప్పటిలా టిక్కుమంది. పన్నెండో ఏట కరీంనగరం వైపు నుంచి పెద్దనాన్న వెంట నడిచి వచ్చినప్పటి నుంచీ ఆ కాలు మగ్గం చెక్కనే తొక్కుతోంది. నాడె విసిరి విసిరి కుడి భుజం ఎడమ దాని కంటే రెండు వేళ్లు కిందికి దిగింది. బొటనవేలి మీద దారం కోసిన గాడి. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ మనిషి, పదకొండు రోజులుగా రోజుకి ఒక జానెడు సముద్రం నేస్తున్నాడు.

ఎర్రదారం పడేది నాలుగే నాలుగు అట్టల్లో. నాడె మార్చడం మరిచిపోకుండా వాటి అంచున దత్తాత్రి ఎర్రసిరా గీత పెట్టాడు. పెంటప్ప వాటిని వేళ్లతో తడిమాడు. నక్షత్రానికి కొట్టిన రంధ్రాలు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. అవి దత్తాత్రి వాడే ఉక్కు పోటు పనిముట్టుతో కొట్టినవి. వాటి పక్కనే, ఒక్కో అట్టలో మూడు చొప్పున, వేరే రంధ్రాలు. అంచులు చిరిగి, వెనక్కి మడతపడి ఉన్నాయి. పోటుతో కొట్టినవి కావు. ఏదో సన్నని పుల్లతో పొడిచి, తిప్పి, వెడల్పు చేసినవి.

అంటే దత్తాత్రి కాదు. ఉక్కు పోటు చేతిలో ఉన్నవాడు పుల్లతో ఎందుకు పొడుస్తాడు?

ఆ మాట అక్కడి నుంచే అరిచి చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. ఇంతలో వేలికి గోధుమరంగు పొడి అంటింది. వాసన చూశాడు.

తంబాకు.

నోరు మూసుకున్నాడు. బీడీ చుట్టాక దాని మూతి లోపలికి నొక్కడానికి ఆడవాళ్లు సన్నని ఇనుప పుల్ల వాడతారు. చాళ్‌లో నేతగాళ్ల వరస ఇళ్లు అన్నింట్లోనూ ఆ పుల్ల ఉంది. కానీ ఈ అట్టలు కుట్టడానికి పోయింది ఒక్క ఇంటికే.

"కాకా, ఏమన్నా దొరికిందా?" కింద నుంచి దత్తాత్రి అడిగాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు. పోయిన ఏడే పెళ్లయింది. భార్య లలితకి ఇప్పుడు ఏడో నెల.

"ఏం లేదు," అన్నాడు పెంటప్ప.

పొద్దున్నుంచి అది అతని రెండో అబద్ధం.

*

చంద్రభాగ గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించిన ముక్కలు ఒక పక్క, తంబాకు ఒక పక్క. మొగుడు వేళకాని వేళ రావడం చూసినా వేళ్లు ఆగలేదు. ఆకు చుట్టి, దారం కట్టి, పుల్లతో మూతి నొక్కి పడేస్తోంది. ఒకటి. ఇంకొకటి.

"ఏందయ్యా, పొద్దుగాలనే ఆకలైందా? రొట్టె పెనం మీదనే ఉన్నది."

పెంటప్ప కూర్చోలేదు. "అట్టలు నువ్వే కుట్టినవ్ గద?"

"నేనే కుట్టిన. పక్కింటి మంగళ రెండు దినాలు చెయ్యి కలిపింది. ఎర్రగీత అట్టలు మాత్రం నేనే కుట్టిన."

"చంద్రీ..."

"నేనే పెట్టిన." ఆమె బీడీ మూతి నొక్కింది. "చెయ్యి కడుక్కో. రొట్టె సల్లారుతది."

తేలు కుట్టిందని కూడా ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పరు. పెంటప్ప గడప మీద కూలబడ్డాడు. పక్కింట్లో మంగళ చీపురు చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

"ఎందుకు పెట్టినవే? దత్తాత్రిని పోలీసులకు పట్టిస్తరట!"

"ఎందుకు పెట్టిన్నా?" చంద్రభాగ మొదటిసారి తలెత్తింది. "ఆ గ్రాఫు కాయితం ఇంటికి తెచ్చింది ఎవరు? నువ్వే గద. గీడ పరిచినవ్. నాకు సదువు రాదని వేలు పెట్టి చూపెట్టినవ్. గిది మన షోలాపూర్, గిది హైదరాబాద్ రోడ్డు, గిటు మనం, గటు నైజాం అన్నవ్. తర్వాత అరచెయ్యి పెట్టి తుడిచినవ్. యాది ఉన్నదా? ఇంక గటు గిటు ఏం లేదు చంద్రీ, గీత పోయింది, మొత్తం ఒకటే అన్నవ్. ఎంత సంబురంగ అన్నవయ్యా!"

పెంటప్ప చూపు ఆ కాగితం పరిచిన చోటికి పోయింది.

"గీత పోతే మా అవ్వ ఏడ కూసోవాలె?"

కన్నతల్లి గురించి అడుగుతున్నా ఆమె గొంతు పెరగలేదు. మొగుడు అన్నానికి ఆలస్యంగా వస్తే అడిగినట్టే అడిగింది.

"అందరికి చోటున్నది ఆ నకాశల. నీ శేటుకు నచ్చత్రమున్నది. మా అవ్వ కూసున్న జాగకు ఏమున్నది? గందుకే పెట్టిన. ఎర్రగీత నాలుగిట్లనే ఎర్రదారం వస్తదని నువ్వే చెప్పినవ్. నచ్చత్రం పక్కపొంటి పొడిచిన. బరాబర్ పడ్డదా?"

"పడ్డది," అన్నాడు పెంటప్ప. "బరాబర్ ఆణ్ణే పడ్డది."

చంద్రభాగ తల ఊపింది. చాటలోంచి ఇంకో ఆకు తీసింది.

"రజాకార్లు..." అన్నాడు పెంటప్ప.

"ఛోడో, వదిలెయ్ పెంటప్పా!" ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె మొగుణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "చాయ్ దుకాణం సుందరాబాయి నాకు ఆ దీపావళికే చెప్పింది."

*

ఎనిమిదేళ్ల కిందటి సెప్టెంబరు అది.

అప్పుడు సోలాపూర్ అంటే ఇటు దేశం. పదిహేడు మైళ్లు పోతే అటు నైజాం. మధ్యలో జామ్‌వాడీ నాకా. సరిహద్దు తనిఖీ చోటు. ఒక వాగు, ఒక వెదురు గేటు, అవతల ఒక రేకుల కొట్టం. అవతలి ఊళ్లో యల్లమ్మ ఒంటరిగా, నేతగాళ్లకి కండెలు చుట్టి బతికేది. రజాకార్ల భయానికి జనం గుంపులు గుంపులుగా ఇటు వస్తున్నారు. ఒక బస్సు డ్రైవరుతో ఆమె కబురు పంపింది. 'నేను బయల్దేరిన. అల్లుణ్ని నాకా కాడికి రమ్మనుండ్రి' అని.

ఆ వారాల్లో గేటు దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇటు వైపు మనిషి ఎవరైనా వచ్చి, వేలు చూపించి, 'ఈమె మా మనిషి' అని చెప్పాలి. చెబితే గేటు తీస్తారు. అంతకు మించి కాగితం లేదు, సంతకం లేదు. రెండు మాటలు చాలు.

పెంటప్ప పొద్దున్నే బయల్దేరాడు. చంద్రభాగ తల్లి కోసం నాలుగు రొట్టెలు, వెల్లుల్లి కారం మూటకట్టి ఇచ్చింది. దారి పొడవునా మిలిటరీ లారీలు. వాన. మధ్యాహ్నానికి నాకా అరమైలు దూరంలో ఉందనగా సుందరాబాయి చాయ్ దుకాణంలో ఆగాడు. గేటు వైపు నుంచి మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. రేపో ఎల్లుండో ఫిరంగులు పేలతాయట. నాకా దగ్గర ఎవరున్నా మిగలరట.

చాయ్ తాగాడు. రెండోది తాగాడు. అక్కడి నుంచి చూస్తే వానలో రేకుల కొట్టం మసకగా కనిపిస్తోంది. దాని కింద కూర్చున్న మనుషులు చీమల్లా ఉన్నారు. అందులో ఒకటి తెల్లచీర. ఆమే అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు. అరమైలు నడిచి ఉంటే తెలిసేది.

రొట్టెల మూట దుకాణం బల్ల మీద వదిలేసి వెనక్కి తిరిగాడు. రాత్రి ఒక బంధువుల ఇంటి అరుగు మీద పడుకుని, మరునాడు సాయంత్రం ఇల్లు చేరాడు. "గేటు కాడ రెండు దినాలు చూసిన. రాలేదు," అన్నాడు.

యల్లమ్మ మూడు రోజులు ఆ కొట్టం కింద కూర్చుంది. ఇటు నుంచి తమవాళ్లు వచ్చి వేలు చూపించినవాళ్లంతా గేటు దాటిపోయారు. వాగు పొంగింది. పదమూడో తేదీ తెల్లవారుజామున ఫౌజు కదిలింది. కొట్టంలో మిగిలినవాళ్లు పారిపోయారు. ఆమె మాత్రం లేవలేదు. 'అల్లుడు వస్తనన్నడు' అందట. ఎవరూ కాల్చలేదు, ఎవరూ పొడవలేదు. అయిదు రోజుల్లో అంతా ముగిసి, గేటు తీసేశాక, సుందరాబాయి వాగు దాటి చూసింది. గోడకి ఆనుకుని, మూట ఒళ్లో పెట్టుకుని, కూర్చున్నట్టే ఉంది. వానకి తడిసి, చలికి బిగుసుకుని. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

'రజాకార్లు చంపారట కదా' అని మొదట ఎవరన్నారో పెంటప్పకి గుర్తులేదు. తను అనలేదు. కాదని కూడా అనలేదు.

*

"ఎనిమిదేండ్లు..." అన్నాడు పెంటప్ప. "ఎన్నడు అడగకపోతివి."

"అడుగుదామనే ఉంటి. నీకు దండ ఏసిన దినం అడుగుదామనుకున్న. నువ్వు ఏడ్చినవ్ ఆడ. అందరు అత్త కోసం ఏడుస్తుండు అనుకున్నరు. నాకు తెలుసు నువ్వు ఎందుకు ఏడ్చినవో. అది చూసి ఊకున్న." చంద్రభాగ చాట పక్కన పెట్టి లేచింది. పెనం మీద నుంచి జొన్నరొట్టె తీసి పళ్లెంలో వేసింది. వెల్లుల్లి కారం వేసింది. "తిను."

"ఇప్పుడు ఏం జెయ్యాలె?"

"నాకేం ఎరుక? సూది నీ తానున్నది. కప్పుతవా, కప్పు. పన్నెండు రంధ్రాలు. నీకు చిటికెల పని. దత్తాత్రిగాడు పోతే పోనీ. వాని పెండ్లాం బీడీలు చుట్టి బతుకుతది. చుట్టతలేమా మేమంతా?"

ఆమె అన్నది ఎత్తిపొడుపో, నిజంగా అన్నదో పెంటప్పకి అంతుపట్టలేదు. పళ్లెం ముందు కూర్చున్నాడు. రొట్టె తుంచాడు. ఎనిమిదేళ్లుగా ఈమె రోజూ ఇదే రొట్టె, ఇదే కారం పెడుతూ వచ్చింది. బల్ల మీద వదిలేసిన మూటలో ఉన్నవీ ఇవే.

సగం తిన్న రొట్టెని చేతిలో పట్టుకునే లేచి వెళ్లిపోయాడు. చంద్రభాగ ఆపలేదు. అతను చాళ్ మలుపు తిరిగేదాకా చూసి, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

*

నాలుగుకి పది నిమిషాలు. కార్ఖానా ఊడ్చి నీళ్లు చల్లారు. గుమ్మానికి మామిడాకులు. దత్తాత్రి గోడ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. అతని చుట్టూ రెండు బారల మేర ఎవరూ లేరు.

పెంటప్ప మగ్గం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతిలో సూది. బట్ట ముఖానికి జానెడు దూరంలో. అద్దం లేదు, మధ్యలో ఏదీ లేదు. తను నేసిన దేశాన్ని అతను సూటిగా చూడటం అదే మొదటిసారి. తూర్పు తూర్పుగానే ఉంది. ఎర్రనక్షత్రానికి కుడి పక్కన చుక్క. ఆ రెండింటి మధ్య ఒట్టి ఆకుపచ్చ. గీత లేదు, గేటు లేదు, వాగు లేదు. అర అంగుళం. ఒక పోగు, రెండు, మూడు... ఇరవై ఆరు పోగులు. నడిస్తే ఎంత సేపు?

సూది మొన చుక్కకి తగిలించాడు. ఒక్క కుట్టు వేస్తే మొదటి రంధ్రం మాయం. అతని చేతికి ఆ పని వచ్చు. చేతికి రానిదేదీ లేదు. చెయ్యి ముందుకి కదల్లేదు.

"అయిందా పెంటప్పా? బండి వచ్చింది, జల్ది! లవ్‌కర్, లవ్‌కర్!"

శేట్ కేక వెనకే బయట మోటారు ఆగిన చప్పుడు. పెంటప్ప మగ్గం కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు.

ముంబై అధికారి పొట్టిగా, నెరిసిన మీసాలతో, పనిమంతుడిలా ఉన్నాడు. పూలదండ వేయించుకుని వెంటనే తీసి పక్కన పెట్టాడు. నేరుగా మగ్గం దగ్గరికి వచ్చాడు. శేట్ స్వయంగా అద్దం అందుకుని కిందికి తోశాడు. "ముప్ఫై ఏండ్ల కారీగర్, సాహెబ్. దేశం కోసం ఇంటి మనిషిని..."

అధికారి వంగాడు. కళ్లజోడు సరిచేసుకున్నాడు. కొంచెం సేపు చూశాడు.

"ఛాన్," అన్నాడు. బాగుంది అని. తర్వాత వేలు చాచాడు. "హే కోణ్తం గావ్?"

ఇది ఏ ఊరు?

శేట్ మొహం పాలిపోయింది. పెంటప్ప వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు తెగి దత్తాత్రి మీద పడింది. "సాహెబ్, గది... గదిగో వాడు, ఆ సభల పోరడు..."

"ఊరు కాదు సాహెబ్," అన్నాడు పెంటప్ప.

అందరూ తిరిగి చూశారు. పద్దెనిమిది మగ్గాల మధ్య ముప్ఫై ఏళ్లలో అతను ఇంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. మరాఠీలో మొదలుపెట్టాడు, రెండో మాటకే తెలుగులోకి వచ్చేశాడు.

"ఆడ ఊరు లేదు. ఒక నాకా ఉండె. జామ్‌వాడీ నాకా. అవతల ఒక రేకుల కొట్టం. అండ్ల ఒక ముసలామె కూసున్నది. పేరు యల్లమ్మ." అతను వేలెత్తి మగ్గం వైపు చూపించాడు. అరమైలు అవతల ఉన్న మనిషిని చూపించినట్టు. "ఈమె మా మనిషి సాహెబ్."

అధికారికి అర్థం కాలేదు. దత్తాత్రి నెమ్మదిగా, తడబడుతూ, మరాఠీలో చెప్పాడు. చెబుతూ చెబుతూ అతనే ఆగిపోయాడు.

"రజాకార్లు సంపినామె గద," శేట్ గొణిగాడు. "అదే సాహెబ్, నేను జెప్పిన..."

"సంపలే." పెంటప్ప మెడ తడుముకున్నాడు, అక్కడ ఇంకా బంతిపూల దండ ఉన్నట్టు. "ఎవ్వరు సంపలే మాలక్. దత్తాత్రికి ఏం తెల్వదు. నేను గేటు దాకా పోలే. చాయ్ తాగి ఎనకకు వచ్చిన. మూడు దినాలు నా కోసం సూసింది. రజాకార్లను పట్టుకుంటిరి, నైజామును దించితిరి. సంపినోన్ని మాత్రం దండేసి మీ నడుమ కూసోబెట్టుకుంటిరి. వాని పేరు నేను జెప్త." ఊపిరి తీసుకున్నాడు. "దూస పెంటప్ప."

అతను ఎవరి వైపూ చూడలేదు. చేతిలోని సూదిని వంగి అద్దం మీద పెట్టి, కొక్కేనికి తగిలించిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, గుమ్మంలోని మామిడాకులు తలకి తగలకుండా వంగి, బయటికి నడిచాడు. చాళ్ వైపు తిరగలేదు. హైదరాబాద్ రోడ్డు వైపు తిరిగాడు.

మగ్గం కింద అద్దం అలాగే ఉంది. దాని మీద ఆకుపచ్చ దారం ఎక్కించిన సూది పడి ఉంది, దాని పక్కనే అద్దంలో జొన్నగింజంత ఎరుపు.